వలస ఊళ్ల పిల్లల చదువు, మన కానుకలు

కొన్నేళ్ల క్రితం ఒక జూన్ నెలలో కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలోని ఒక ఊరిలో మేము బడి సంచులు, నోటు పుస్తకాలు పంచి వచ్చాము. ఫోటోలు కూడా వేసుకున్నాము. అదే డిసెంబరులో క్రిస్మస్ పాటల బృందంతో మళ్లీ వెళితే సగం ఇళ్లకు తాళాలు. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ చెప్పింది: "అందరూ గుంటూరు దిక్కు పోయినారు అయ్యగారూ, పత్తి తీసేకి, మిరపకాయలు కోసేకి. పిల్లోళ్లూ పోయినారు. ఉగాదికి గానీ రారు." మేమిచ్చిన సంచుల్లో బట్టలు సర్దుకుని వెళ్లారట.

కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, హొళగుంద మండలాలు ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. తుంగభద్ర దగ్గరే ఉన్నా చాలా పొలాలకు వానే దిక్కు. పంట పోయిన ఏడు అప్పు మిగులుతుంది. దీపావళి దాటాక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కుటుంబమంతా బయలుదేరుతుంది. కూలి కిలోల లెక్కన ఇచ్చేచోట పిల్లవాడి చేతులూ పనికొస్తాయి. పదేళ్ల ఆడపిల్ల గుడిసె దగ్గర చంటిబిడ్డను చూసుకుంటుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత సుమారు 67 శాతమైతే కర్నూలు జిల్లాది సుమారు 60. చదువు విలువ ఆ తల్లిదండ్రులకు తెలియదని పట్టణాల్లో మనం తేలికగా అనేస్తాము. పిల్లను ఎవరి దగ్గర వదిలి వెళ్లాలో చెప్పమంటే మాత్రం మన దగ్గర జవాబు లేదు.

ఊళ్లో బడి ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది. 6 నుండి 14 ఏళ్ల వారికి 2009 విద్యాహక్కు చట్టం ఉంది. లేనిది రాత్రి అన్నం, పడుకోను చోటు. అందుకే వలస ఊళ్లలో ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెడుతుంది. పిల్లలు పగలు తమ ఊరి బడిలోనే చదివి, రాత్రి అక్కడ తిని పడుకుంటారు. ఇందులో కీలకం తేదీ. మేస్త్రీ లారీ నవంబరులో వస్తే, హాస్టల్ డిసెంబరులో తెరిచి ఏం లాభం? తల్లి బయలుదేరే రోజుకే అక్కడ పొయ్యి వెలగాలి.

చాలామంది గమనించని నష్టం ఇంకొకటి ఉంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి చదివే పిల్లలకు కేంద్రం ఎన్‌ఎంఎంఎస్ అనే ఉపకార వేతనం ఇస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు మించకూడదు. పరీక్షలో ఎంపికైతే 9వ తరగతి నుండి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 చొప్పున, నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మధ్య ఈ పరీక్ష డిసెంబరులో జరుగుతోంది. అంటే ఆ డబ్బు ఎవరికి అత్యవసరమో ఆ పిల్ల ఆ రోజు పత్తి చేనులో ఉంటుంది. (పరీక్ష ఆదివారం పడితే, ఆరాధనకు రాలేదని పిల్లలను కోప్పడవద్దని సంఘపెద్దలకు మా మనవి.)

కాబట్టి కోత పండుగ కానుకల్లో విద్యకు తీసే భాగాన్ని జూన్‌లోనే ఖర్చు చేసేయకండి. సంచికి పెట్టే సొమ్ము నవంబరు నుండి ఏప్రిల్ దాకా అవ్వాతాతల దగ్గర ఉండిపోయే పిల్లల బియ్యం, పప్పు, నూనెకు పెడితే వారు బడిలో నిలుస్తారు. సోమవారం నుండి శనివారం దాకా తాళం వేసి ఉండే మన మందిరంలో సాయంకాలం లైటు వేసి, యౌవనుల సమాజం వారు లెక్కలు చెప్పవచ్చు. ఏ ఇంటి పిల్లలైనా రావచ్చు, మన సంఘం వారే కానక్కరలేదు. అయితే పిల్లలను రాత్రిపూట ఉంచుకోవాలనుకుంటే విద్యాశాఖతో మాట్లాడి, అనుమతితోనే చేయాలి. 2015 బాలల న్యాయ చట్టం ఉంది. మంచి మనసుతో చేశామంటే చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

మేము చూసిన ఆ ఊరిలో ఇప్పుడు స్త్రీల సమాజం వారు దసరాకు ముందే ఇంటింటికీ తిరిగి, ఎవరు వెళ్తున్నారు, ఏ పిల్లలు ఆగుతారు అని పేర్లు రాసుకుంటున్నారు. ఆ అవ్వ దగ్గర పోయిన ఏడు ముగ్గురు మనవళ్లు ఆగారు. పెద్దవాడు ఈ ఏడు 8వ తరగతి. ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తుల గడువు పరీక్షకు ముందే ముగుస్తుంది. ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయానికి తిరగడం ఆ అవ్వ వల్ల కాదు. ఆ తిరుగుడు పని మా సంఘంలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు తన మీద వేసుకున్నారు.