ఒక మనిషి, రెండు పేర్లు: రాయచూరు దాసుల అంకితం

తెలుగులో 'అంకితం' అనగానే కృతిని ఒకరికి సమర్పించడం గుర్తుకు వస్తుంది. కన్నడంలో 'అంకిత' అంటే దాసుల పదం చివర వచ్చే ముద్ర. రెండూ 'గుర్తు' అనే అర్థమున్న సంస్కృత 'అంక' శబ్దానికి సంబంధించినవే. తెలుగులో ఆ గుర్తు కృతి ఎవరికి చెందిందో చెబుతుంది. కన్నడంలో ఎవరి నోట వెలువడిందో చెబుతుంది. ఇంట తెలుగు, బడిలో కన్నడం వాడే రాయచూరు జిల్లా విద్యార్థులకు ఈ భేదం పనికివచ్చేదే. ఒకే మనిషి రెండు పేర్లతో, రెండు వ్యక్తిత్వాలతో మెలగడం నేడు ఫోను తెర మీద అందరికీ అనుభవమే. ఈ జిల్లా హరిదాసులు 18వ శతాబ్దిలోనే ఆ పనిని ఒక కట్టుబాటుతో చేశారు.

మాన్వి తాలూకా చీకలపర్విలో పుట్టిన దాసప్ప విజయదాసు (1682-1755) అయ్యారు. ఆయన అంకితం 'విజయవిఠల'. దేవదుర్గం తాలూకా మొసరకల్లులో పుట్టిన భాగణ్ణ ఆయన శిష్యుడై గోపాలదాసు అయ్యారు, అంకితం 'గోపాలవిఠల'. మాన్వి తాలూకా బ్యాగవాటలో పుట్టిన శ్రీనివాసాచార్యులు జగన్నాథదాసు (1728-1809) అయ్యారు, అంకితం 'జగన్నాథవిఠల'. ఈ పేర్లలో 'విఠల' అన్నది ఇంటిపేరు వంటిది. పురందరదాసు ముద్ర 'పురందరవిఠల' నుంచి వచ్చిన వరుస అది. పేరు వింటే చాలు, మనిషి ఏ పరంపరకు చెందినవాడో తెలుస్తుంది.

ఈ పరంపర తెలుగు నేలకు దూరమైనది కాదు. విజయదాసు చివరి రోజులు గడిపిన చిప్పగిరి కర్నూలు జిల్లాలో ఉంది. గోపాలదాసు నివసించిన ఉత్తనూరు గద్వాల ప్రాంతంలోది. 1956 వరకు గద్వాల తాలూకా రాయచూరు జిల్లాలోనే ఉండేది.

జగన్నాథదాసు గురించి సంప్రదాయం చెప్పే కథ ఒకటుంది. సంస్కృత పండితుడైన శ్రీనివాసాచార్యులకు కన్నడ పదాలంటే చిన్నచూపట. విజయదాసు భోజనానికి పిలిస్తే కడుపునొప్పి అని వంక పెట్టారట. ఆ వంకే నిజమైన రోగమై పట్టుకొన్నదని, చివరకు గోపాలదాసు తన ఆయుష్షులో 40 ఏళ్లు ధారపోసి బతికించారని చెబుతారు. కథలోని మహిమను ఎవరి నమ్మకానికి వారికి వదిలి, భాషాదృష్టితో చూద్దాం. ఇక్కడ పేరు మారడంతో పాటు భాష కూడా మారింది. శ్రీనివాసాచార్యులది సంస్కృతం, జగన్నాథదాసుది కన్నడం. భామినీ షట్పదిలో 32 సంధుల 'హరికథామృతసార' రాసింది ఆ రెండో మనిషి. తెలుగు లిపిలో అచ్చయిన ఆ గ్రంథాన్ని తెలుగు మాధ్వుల ఇళ్లలో నేటికీ పారాయణ చేస్తారు. పాత పేరు అడ్డుపడిన రచనకు కొత్త పేరు దారి ఇచ్చింది.

అంకితానికి మూడు లక్షణాలు ఉన్నాయి. ఒకటి, అది ఎవరికి వారు పెట్టుకొనేది కాదు. గురువు ఇవ్వాలి, లేదా స్వప్నంలోనో తీర్థంలోనో లభించిందని పరంపర ఒప్పుకోవాలి. రెండు, అది రహస్యం కాదు; విజయవిఠల అంటే ఎవరో ఊరందరికీ తెలుసు. మూడు, అది మారదు. ఒక పదంలో దాసు యశోదగా మాట్లాడవచ్చు, మరొకదానిలో గోపికగా, ఇంకొకదానిలో పాపిగా మొరపెట్టుకోవచ్చు. చివరి చరణంలో ముద్ర మాత్రం ఒక్కటే. మన క్షేత్రయ్య పదాల్లోనూ ఇదే పద్ధతి: మాట్లాడేది నాయిక, ముద్ర మువ్వగోపాలునిది. ఎన్ని గొంతులతో పలికినా ఆ మాటలన్నీ ఒక చోట లెక్కకు వస్తాయి.

ఆధునిక తెలుగులో కలం పేరు దారి వేరు. దానిని రచయితే ఎంచుకొంటాడు; అవసరమైతే దాని వెనుక దాగుతాడు. దాగడం తప్పని మేము అనము. ఉద్యోగ నిబంధనలకు, ఇంటి ఆంక్షలకు లోబడినవారికి ఆ చాటు లేకపోతే రాతే లేదు. అయితే కలం పేరు కూడా నిలకడ వల్లనే వ్యక్తిత్వం సంపాదించుకొంటుంది. 'బీనాదేవి' పేరుతో రాసింది భార్యాభర్తలు ఇద్దరు. 1990లో భర్త మరణించిన తరువాత కూడా భార్య అదే పేరుతో రాశారు. పాఠకులకు బీనాదేవి ఒక్క మనిషే.

తెర మీది మారుపేరుకు ఇచ్చేవారు లేరు, నిలకడ అంతకన్నా లేదు. నచ్చకపోతే వదిలి ఇంకొకటి పెట్టుకోవచ్చు. వదిలిన పేరుతో అన్న మాట ఎవరిదీ కాకుండా పోతుంది. దెబ్బ తిన్నవాడికి మాత్రం అది గుర్తుంటుంది. కాబట్టి రెండో పేరు నిజమా అబద్ధమా అని కాక, ఆ పేరుతో అన్న మాటకు రేపు జవాబు చెప్పేవారు ఉన్నారా అని అడగాలి.

బయటి రాష్ట్రపు తెలుగు విద్యార్థికి ఇందులో మరొక మాట ఉంది. మీ కన్నడ వ్యక్తికి పరీక్షలున్నాయి, ఇంగ్లీషు వ్యక్తికి ఉద్యోగ దరఖాస్తులున్నాయి. తెలుగు వ్యక్తి మాత్రం వంటింట్లో మాట్లాడి ఊరుకొంటున్నాడు. అతడికి రాసే పని లేదు. రాసే పని లేని భాష ఒక తరం తరువాత మాట్లాడే పని కూడా పోగొట్టుకొంటుంది. శ్రీనివాసాచార్యులు చిన్నచూపు చూసిన భాషలోనే జగన్నాథదాసు నిలిచారు. మీరు తెలుగు లిపిలో ఒక పేరు పెట్టుకోండి, లేదా ఇంట్లో పెద్దవారిని అడిగి పెట్టించుకోండి. ఆ పేరుతో నెలకు ఒక పుట రాయండి. పేరు మాత్రం మార్చకండి.