తీగ 35 సార్లు తెగితే నరసరావుపేట

08647. నరసరావుపేట ఎస్‌టీడీ కోడ్ ఇది. సెల్‌ఫోన్‌లో నొక్కితే రెండు సెకన్ల పని. నల్లటి డయల్ ఫోన్ మీద ఇవే అంకెలు తిప్పినప్పుడు, ఇంటి నుంచి ఎక్స్ఛేంజికి పోయే తీగలో కరెంటు సరిగ్గా 35 సార్లు తెగి అతుక్కునేది. సున్నాకు పదిసార్లు, ఎనిమిదికి ఎనిమిది, ఆరుకు ఆరు, నాలుగుకు నాలుగు, ఏడుకు ఏడు. కూడి చూసుకోండి.

మాచర్ల 08642. దానికి 30 చాలు. సత్తెనపల్లి 08641కి 29. వినుకొండ 08646 అయితే 34. పిడుగురాళ్ల 08649కి 37, పల్నాడులోని ఈ అయిదింటిలో అన్నిటికన్నా ఎక్కువ. మాచర్లకూ పిడుగురాళ్లకూ మధ్య తేడా ఏడు తెంపులు, కాలంలో 0.7 సెకను.

డయల్ ఫోన్ పనితనమంతా ఈ కూడికలోనే ఉంది. అంకెను తీగ మీద పంపడానికి దానికి తెలిసిన దారి ఒక్కటే: అన్నిసార్లు కరెంటును తెంపడం.

రిసీవరు ఎత్తగానే దాని కింద ఉన్న స్విచ్చి కలుస్తుంది. ఎక్స్ఛేంజిలో వరసగా పేర్చిన బ్యాటరీల నుంచి సుమారు 50 వోల్టుల కరెంటు రెండు తీగల గుండా ఫోన్‌లోకి వస్తుంది. ఊళ్లో కరెంటు పోయినా ఫోన్ పలికేది ఇందుకే. డయల్ టోన్ వినబడ్డాక రంధ్రంలో వేలు పెట్టి అడ్డు తగిలేదాకా తిప్పుతాం. ఆ తిప్పేటప్పుడు అంకె బయటికి పోదు, లోపలి స్ప్రింగు చుట్టుకుంటుందంతే. వేలు తీశాక డయల్ తనంతట తాను వెనక్కి తిరుగుతుంది చూడండి, అసలు పని అప్పుడు మొదలవుతుంది. తిరిగే కొద్దీ ఒక కాంటాక్టు విడిపోతూ కలుస్తూ ఉంటుంది. ఆ సమయంలో చెవిలో టకటకలు పడకుండా మరో కాంటాక్టు రిసీవరును కాసేపు పక్కన పెడుతుంది.

డయల్ వెనక్కి వచ్చే వేగం సెకనుకు పది పల్సులు. మనం గట్టిగా తిప్పినా మెల్లగా తిప్పినా ఈ వేగం మారదు. కారణం లోపల ఉన్న గవర్నరు. అక్షం గిరగిరా తిరుగుతుంటే దానికున్న చిన్న బరువులు బయటికి జరిగి చుట్టూ ఉన్న లోహపు గిన్నెకు రాసుకుంటాయి. వేగం పెరిగితే రాపిడి పెరుగుతుంది, రాపిడి పెరిగితే వేగం తగ్గుతుంది. ఒక్కో పల్సు పదోవంతు సెకను. అందులో దాదాపు మూడింట రెండు వంతుల సేపు తీగ తెగి ఉంటుంది, మిగతా వంతు కలిసి ఉంటుంది. ఒక్క ట్రాన్సిస్టరు లేకుండా, స్ప్రింగుతో, పళ్లచక్రాలతో ఇంత కచ్చితమైన కాలాన్ని కోట్లాది ఇళ్లలో నిలబెట్టారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక పూర్తి నంబరు లెక్క. నరసరావుపేట నంబర్లు ఆరంకెలు, మొదటిది 2 అనుకుందాం. 1 నుంచి 0 దాకా పల్సుల సగటు అయిదున్నర. అంటే రెండుకు రెండు, మిగతా అయిదంకెలకు సగటున ఇరవై ఏడున్నర. కోడ్‌తో కలిపితే దాదాపు 65 పల్సులు, ఆరున్నర సెకన్లు. ఇది డయల్ వెనక్కి వచ్చే కాలమే. పదకొండు అంకెలకూ వేలితో ముందుకు తిప్పే సమయం, అంకెకూ అంకెకూ మధ్య విరామం కలుపుకుంటే అరనిమిషానికి అటూ ఇటూ. చివరి అంకె దగ్గర వేలు జారితే మళ్లీ మొదటి సున్నా నుంచి రావాలి.

ఈ పల్సులను లెక్కపెట్టే యంత్రాన్ని ఊహించినవాడు ఇంజనీరు కాదు. అమెరికాలోని కాన్సస్ సిటీలో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి, పేరు ఆల్మన్ స్ట్రౌజర్. ఫోన్ ఆపరేటరు తనకు రావలసిన కాల్స్‌ను పోటీదారుకు కలుపుతోందన్న అనుమానంతో, ఆపరేటరే అక్కర్లేని ఎక్స్ఛేంజి కోసం పట్టుబట్టాడని చెబుతారు. పేటెంటు 1891లో వచ్చింది. 1892 నవంబరు 3న ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి మొదలైంది. అప్పటికి డయల్ లేదు, మీటలు నొక్కేవారు. తిప్పే డయల్‌ను ఆయన కంపెనీలోని ఎరిక్సన్ సోదరులు, కీత్ కలిసి 1896లో రూపొందించారు.

స్ట్రౌజర్ సెలక్టరును అర్థం చేసుకోవడానికి పది అరలున్న బీరువాను తలుచుకుంటే చాలు, ఒక్కో అరలో పది గళ్లు. లోపల ఒక కడ్డీ. ఏడు తిప్పితే విద్యుదయస్కాంతం కడ్డీని ఏడు మెట్లు పైకి ఎత్తుతుంది. ఆ అరలో ఖాళీగా ఉన్న గడి కోసం కడ్డీ తనే పక్కకు వెతుక్కుంటూ పోయి, తరువాతి సెలక్టరుకు దారి కలుపుతుంది. చివరి రెండంకెలు మాత్రం ఒకే సెలక్టరువి: మొదటిదానితో పైకి, రెండోదానితో పక్కకు. పది పదుల వంద గళ్లు, వంద ఫోన్లు. నాలుగంకెల నంబర్లున్న ఊరికి కాగితం మీద పదివేల ఫోన్లు పెట్టవచ్చు. కానీ సున్నాతో మొదలయ్యేవి ఊరు దాటే కాల్స్‌కు, ఒకటితో మొదలయ్యేవి ప్రత్యేక సేవలకు పోయాయి. ట్రంకు బుకింగుకు 180, నంబరు విచారణకు 197, ఫోన్ చెడిపోతే 198. మిగిలేవి ఎనిమిది వేలు.

భారతదేశంలో మొదటి ఎక్స్ఛేంజిలు 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో వచ్చాయి. స్వాతంత్ర్యం నాటికి దేశమంతా కలిపి ఫోన్లు 80 వేల పైచిలుకు. 1948లో బెంగళూరులో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ మొదలై, ఫోన్లనూ స్ట్రౌజర్ ఎక్స్ఛేంజి సామగ్రినీ ఇక్కడే చేయసాగింది.

ఊరు దాటి మాట్లాడాలంటే చాలాకాలం ట్రంకాలే గతి. నంబరు బుక్ చేసి, ఫోన్ పక్కనే కూర్చోవాలి. మూడు నిమిషాలు ఒక లెక్క. తొందరగా కావాలంటే అర్జెంటు, రెట్టింపు ధర. లైట్నింగ్ అంటే ఎనిమిది రెట్లు. ఎనిమిది రెట్లు ఇచ్చి చేసే మాట ఎలాంటిదో, ఇంట్లో పెద్దవాళ్లకు ఆ పేరు వింటే గుండె ఎందుకు ఝల్లుమనేదో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. ఆపరేటరు లేకుండా ఒక ఊరి నుంచి మరో ఊరికి చందాదారుడే నేరుగా తిప్పే ఎస్‌టీడీ మన దేశంలో 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. బ్రిటన్‌లో బ్రిస్టల్ నుంచి రాణి ఎలిజబెత్ చేసిన తొలి ఎస్‌టీడీ కాల్‌కు ఇది రెండేళ్లు మాత్రమే వెనక.

ఎస్‌టీడీ కోడ్‌లో ప్రతి అంకె ఒక మలుపు. సున్నా ఊరి బయటికి తెస్తుంది. ఆ తరువాత 864 దాకా, గుంటూరు నగరం తప్ప, పాత గుంటూరు జిల్లా ఊళ్లన్నీ ఒకే దారిలో వస్తాయి. అక్కడ చివరి అంకె దగ్గర చీలతాయి: 3 అయితే బాపట్ల, 4 తెనాలి, 5 మంగళగిరి, 8 రేపల్లె. 1, 2, 6, 7, 9 మన పల్నాటి ఊళ్లవి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు వేరే జిల్లా అయింది, నరసరావుపేట దాని కేంద్రమైంది. కోడ్‌లు మాత్రం ఇప్పటికీ ఉమ్మడి కాపురమే చేస్తున్నాయి.

మిర్చి రేటు కనుక్కోవడానికి గుంటూరుకు చేస్తే కోడ్ 0863, 27 పల్సులు. హైదరాబాదు 040కి 24. ఢిల్లీ 011కి 12 చాలు! బొంబాయి 022కి 14, కలకత్తా 033కి 16, మద్రాసు 044కి 18. పెద్ద ఊళ్లకు పొట్టి కోడ్ ఎందుకంటే, సున్నా తీసేస్తే కోడ్, నంబరు కలిసి పది అంకెలకు మించకూడదు. ఢిల్లీకి లక్షల నంబర్లు కావాలి కాబట్టి కోడ్‌కు రెండంకెలే ఇచ్చి, ఎనిమిది నంబరుకు ఉంచారు. నరసరావుపేటకు కోడ్ నాలుగు, నంబరు ఆరు. అమెరికాలో 1947లో ఏరియా కోడ్‌లు పంచినప్పుడు న్యూయార్కుకు 212 ఇచ్చారు, మొత్తం అయిదే పల్సులు. ఎక్కువమంది తిప్పే ఊరికి తక్కువ తిప్పుడు. లెక్కగా చూస్తే న్యాయమే. కానీ పిడుగురాళ్లకు 37 పల్సులు తిప్పిన బంధువుకు వేలు నొప్పి పుట్టిందన్నది కూడా అంతే నిజం.

తెంపుల మీద నడిచే యంత్రానికి తెంపులే శత్రువులు. వానకు తడిసిన ఓవర్‌హెడ్ లైన్లలో కరెంటు కారిపోయి పల్సుల ఆకారం చెడేది. గాలికి రెండు తీగలు తగిలి విడిపోతే ఎక్స్ఛేంజి దాన్ని ‘ఒకటి’ అనుకునేది. 1937లో లండన్‌లో అత్యవసర నంబరుగా 111 పెట్టకుండా 27 పల్సుల 999 పెట్టడానికి ఇదొక కారణం. స్ప్రింగు అరిగి డయల్ నెమ్మదిస్తే రాంగ్ నంబరు. తిరిగి వస్తున్న డయల్‌ను తొందరపడి వేలితో తోసినా రాంగ్ నంబరే.

ఇదే సూత్రం చేతిలో పెట్టుకుని కుర్రాళ్లు పెద్దల కన్నుగప్పారు. బిల్లు భయానికి చాలా ఇళ్లలో డయల్ రంధ్రానికి చిన్న తాళం వేసేవారు. అడ్డుకు దగ్గరగా ఉన్న రంధ్రంలో తాళం ఉంటే డయల్ ఇక తిరగదు. కానీ రిసీవరు కింద ఉన్న స్విచ్చిని టకటకా నొక్కినా తీగ తెగేదే కదా. నాలుగుసార్లు నొక్కి, కాస్త ఆగి, ఏడుసార్లు నొక్కితే ఎక్స్ఛేంజికి అది 47. సున్నా కొట్టడమే కష్టం. పది నొక్కులు ఒకే వేగంతో పడాలి.

1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ ఈ కథను మలుపు తిప్పింది. శాం పిట్రోడా ఆధ్వర్యంలో 36 కోట్ల రూపాయలు, 36 నెలలు అనే లక్ష్యంతో మొదలై, 128 లైన్ల చిన్న గ్రామీణ డిజిటల్ ఎక్స్ఛేంజిని తయారుచేసింది. 1986లో మొదటిది కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఏసీ గది అక్కర్లేకుండా, ఎండనూ దుమ్మునూ తట్టుకునేలా చేయడం దాని గొప్పదనం. మన పల్నాటి రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు ఆ మాట విలువ వేరే చెప్పనక్కర్లేదు. కదిలే కడ్డీల స్థానంలో చిప్పులు వచ్చాయి. అవి కూడా పాత డయల్ పల్సులను విని అర్థం చేసుకునేవి కాబట్టి, ఇంట్లో నల్ల ఫోన్‌ను అదే రోజు పారేయాల్సిన పని పడలేదు. కొత్త మీటల ఫోన్ల అడుగున ‘టీ’ (టోన్), ‘పీ’ (పల్సు) అని ఒక స్విచ్చి ఉండేది. ‘పీ’ మీద ఉంచితే మీట నొక్కినా లోపల పల్సులే పడేవి.

అటక మీద అలాంటి డయల్ ఫోన్ ఉంటే పారేయకండి. ఇప్పటి ఫైబర్ కనెక్షన్ పెట్టెకున్న ఫోన్ సాకెట్లో పెట్టి చూడండి. లోపలి భాగాలు బాగుంటే గంట మోగే అవకాశం ఉంది, మాట కూడా వినిపిస్తుంది. డయల్ తిప్పితే మాత్రం చాలా పెట్టెలు పలకవు, వాటికి టోన్లే తప్ప పల్సులు తెలియవు. పల్సులను టోన్లుగా మార్చే చిన్న కన్వర్టర్లు దొరుకుతాయి. అది తగిలించి 08647 తిప్పండి.