కుంపటి మీద కాల్చిన పచ్చిమిర్చి: ఇంటి సాలు వేరు, అమ్మకం సాలు వేరా?



ఈసారి వీడియో నెల్లూరు జిల్లా తీరంలో, మైపాడు వైపు ఒక రైతు ఇంట్లో తీశాం. విషయం చిన్నదే: పచ్చిమిరపకాయల్ని బొగ్గుల కుంపటి మీద కాల్చి రోట్లో నూరే పచ్చడి. వంటల సంగతి మనకెందుకు అనుకోకండి. ఈ పచ్చడి దగ్గరే మన సేద్యం గుట్టు బయటపడుతుంది.

మేం వెళ్లేసరికి ఆ ఇంటి పెద్దమ్మ గంప పట్టుకుని చేలోకి పోతా ఉంది. దారి పక్కనే విరగకాసిన సాళ్లుంటే వాటిని వదిలేసి, అవతల బోరు దగ్గరున్న రెండు సాళ్లలో కాయలు కోసింది. "ఇక్కడే ఇన్ని కాయలుంటే అంత దూరం ఎందుకు పెద్దమ్మా?" అనడిగాను.

"అయ్యి అమ్మకానికి అబ్బాయా, మందు కొట్టుండారు. ఇయ్యి ఇంటికి" అనింది, దాచుకోకుండా.

ఈ మాట మనకు కొత్త కాదు. చాలా ఊళ్లలో ఉన్నదే. కానీ కాల్చిన మిర్చి పచ్చడికి ఈ తేడా ఇంకా ముఖ్యం. ఇందులో కాయను తొక్కతో సహా తింటాం. కడిగితే పోయేది పైన అంటుకున్న మందు మాత్రమే, అదీ కొంతవరకే. మొక్క లోపలికి పాకే మందులు కాయ కండలోనే ఉంటాయి. నిప్పుల మీద నాలుగు నిమిషాలు కాల్చినంత మాత్రాన అవి పోతాయని నమ్మకం పెట్టుకోవద్దు.

ఇక కాల్చే పద్ధతి.

కాయ: ముదిరి, గట్టిగా, ఆకుపచ్చగా ఉండాలి. లేత కాయ నిప్పు తగలగానే వడిలిపోతుంది. కడిగి బాగా తుడవాలి. తడి ఉంటే కాలదు, ఉడుకుతుంది. ఒక్కో కాయకు చిన్న గాటు పెట్టండి. లేకపోతే లోపలి ఆవిరికి టప్పున పేలి గింజలు కంట్లో పడతాయి.

బొగ్గు: కొబ్బరి చిప్పల బొగ్గు గానీ సరుగుడు బొగ్గు గానీ మంచిది. కిరసనాయిలు పోసి అంటించవద్దు, ఆ వాసన కాయకు పడుతుంది. కొబ్బరి పీచుతో అంటించండి. మంట తగ్గి, బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర కట్టినప్పుడే జాలీ పెట్టాలి.

కాల్చడం: కాయలకు నువ్వుల నూనె చుక్క రాసి, జాలీ మీద పరిచి, పట్టకారుతో తిప్పుతూ ఉండాలి. తొక్క మీద నల్లటి బొబ్బలు లేస్తే చాలు. మొత్తం మాడితే చేదు. తీసి గిన్నెలో వేసి ఐదు నిమిషాలు మూత పెడితే ఆ ఆవిరికే మెత్తబడతాయి. మన సన్న కాయలకు తొక్క తీయక్కర్లేదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో లావు తొక్క మిర్చిని ఇట్లాగే కాల్చి, తొక్క వలిచి ఏడాదికి దాచుకుంటారు. మన బజ్జీ మిర్చికి అయితే వాళ్ల పద్ధతి సరిపోతుంది.

కారం తగ్గాలంటే గింజలు తీస్తే సరిపోదు. కారమంతా గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. దాన్ని తీయండి.

రోట్లో ఉప్పు, వెల్లుల్లి, నానిన చింతపండు, తర్వాత కాయలు, చివర్లో ఉల్లిపాయ కచ్చాపచ్చాగా. వేడన్నంలోకి ఇంకేం అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. కుంపటి ఎప్పుడూ ఆరుబయటే. తలుపులు మూసిన గదిలో బొగ్గులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. వాన పడుతున్నా సరే, కుంపటి లోపలికి తేవద్దు. గాలి ఎటునుంచి వస్తుందో చూసుకుని అటువైపు కూర్చుంటే ఘాటుకు దగ్గు కూడా రాదు.

ప్రకృతి సేద్యం చేసేవాళ్లూ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అగ్నిఅస్త్రంలో పొగాకు వేస్తాం. పొగాకులోని నికోటిన్ కూడా విషమే. కొట్టిన వెంటనే కాయ కోయకండి. ముందు కోసుకుని, తర్వాత కొట్టండి. కషాయమే కదా అని కడగకుండా తినకూడదు.

కుంపట్లో మిగిలిన బూడిద మిరప మొదళ్లలో పలచగా చల్లుకోవచ్చు, పొటాష్ అందుతుంది. కానీ తీరంలో చౌడు తేలిన నేలల్లో వద్దు, అది క్షారాన్ని ఇంకా పెంచుతుంది. బొగ్గు ముక్కల్ని దంచి జీవామృతంలో నానబెట్టి ఇసుక నేలలో కలిపితే తేమ నిలవడానికి పనికొస్తుంది.

పచ్చడి తింటూ పెద్దమ్మ కొడుకుని అడిగాను, "రెండు సాళ్లు మందు లేకుండా కాసినప్పుడు మిగతావి ఎందుకు కాయవన్నా?" అని. ఆయన కాసేపు మాట్లాడలేదు. "2021-22లో నల్ల తామర పురుగు పడ్డప్పుడు పూత మొత్తం రాలిపోయింది. ఎన్ని మందులు కొట్టినా నిలవలా. అయినా కొట్టకుండా ఉండాలంటే భయం" అన్నాడు.

ఆ భయం నిజమైనది. దాన్ని తక్కువ చేయలేం. ఆ ఏడాది ఆంధ్ర, తెలంగాణల్లో మిరప రైతులు మందులకు డబ్బులు పోసి కూడా పంట పోగొట్టుకున్నారు. అందుకే ఒక్కసారిగా అంతా మార్చమని మేం చెప్పలేదు. చుట్టూ జొన్న నాలుగు వరసలు, మధ్యమధ్యలో బంతి, నీలం రంగు జిగురు అట్టలు, ముందు నుంచీ వేప కషాయం, వీటితో వచ్చే పంటకు పావు ఎకరం చూడమన్నాం. ఆ కాయను పచ్చిమిర్చిగానే అమ్ముకుంటే, తుపాను వానల్లో కళ్లంలో కాయ తడిసి బూజు పట్టే బెడదా ఉండదు.

"చూస్తాం" అన్నాడు. పెద్దమ్మ మాత్రం రోలు కడుగుతా, "మన నోటికి పనికిరానిది ఇంకొకరి నోటికి ఎట్టా పనికొస్తాదిరా?" అనింది.

మీ ఇంట్లో కూడా ఇంటి సాలు విడిగా ఉందా? ఉంటే, ఈ ఏడు దాని పక్కన ఇంకొక్క సాలు చేర్చండి.