మౌనమునకు మూడర్థములు

యంత్రము పలికినప్పుడు దాని మాట నమ్ముట సులభము. అది పలుకనప్పుడే చిక్కు. నేలలోని ఇనుమును, దేహములోని సీసపు గుండును వెదకుటకై మానవుడు కల్పించుకొన్న లోహశోధక యంత్రము, నేడు రైలుస్టేషన్లలోను దేవాలయ ద్వారములందును మనకు పరిచితమైన మెటల్ డిటెక్టరు, ఒకచోట మౌనము వహించిన దనుకొందము. అచట లోహమే లేదని దాని అర్థము కావచ్చును. లోహ మున్నను తన కందనంత లోతున నున్నదని కావచ్చును. లేదా, యంత్రమునకే విద్యుత్తు సరిగా అందుటలేదని కావచ్చును. ఈ మూడు మౌనములును చెవికి ఒక్క తీరుగనే తోచును. వీనిని వేరుచేసి తెలిసికొనుటయే పరీక్ష. ఆ విద్య ఎంత విలువైనదో 1881వ సంవత్సరమున అమెరికాలో జరిగిన ఒక విషాదవృత్తాంతము తెలుపుచున్నది.

ఆ సంవత్సరము జూలై 2వ తేదీన దేశాధ్యక్షుడైన జేమ్స్ గార్‌ఫీల్డును ఛార్లెస్ గిటో అనువాడు వాషింగ్టను రైలుస్టేషనులో వెనుకనుండి కాల్చెను. రెండు గుండ్లలో ఒకటి చేతిని రాచుకొని పోయెను. రెండవది వీపున కుడిప్రక్కగా దూరి లోపలనే నిలిచిపోయెను. రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నది 1895లో. కనుక దేహమును చీల్చకుండ గుండును చూచు ఉపాయము ఆనాడు లేదు. వైద్యులు శుభ్రము చేయని వ్రేళ్లను, శలాకలను గాయములోనికి చొనిపి వెదకిరి. గుండుకంటె ఆ వెదకుటయే రోగికి ఎక్కువ కీడు చేసెనని తరువాతి వైద్యుల అభిప్రాయము.

టెలిఫోనుకు 1876లో పేటెంటు పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ అప్పటికి 34 ఏండ్లవాడు. డేవిడ్ హ్యూస్ అను శాస్త్రజ్ఞుడు 1879లో ప్రకటించిన ‘విద్యుత్ప్రేరణపు త్రాసు’ను ఆధారము చేసికొని, టెయింటరు అను సహచరునితో కలసి, గుండును వెదకు పరికరము నొకదానిని సిద్ధముచేయ అతడు పూనుకొనెను. దాని మర్మ మిది. బాటరీనుండి వచ్చు విద్యుత్తును ఒక సాధనము క్షణక్షణమును తెంచుచు కలుపుచు ఒక తీగచుట్టలోనికి పంపును. తీగచుట్ట చుట్టును అయస్కాంతశక్తి కలుగుచు తొలగుచు నుండును. ప్రక్కనున్న రెండవ చుట్టలో దానివలన విద్యుత్తు పుట్టి, తగిలించిన టెలిఫోనులో సవ్వడి కలుగవలెను. కాని రెండు చుట్టలను కొంతమేర మాత్రమే ఒకదానిపై నొకటి పడునట్లు జరిపినచో, ఒకానొక చోట ఆ ప్రభావములు పరస్పరము రద్దయి టెలిఫోను మూగవోవును. త్రాసుముల్లు నడుమ నిలిచినట్లే. అంతట లోహము దాపునకు వచ్చెనా, తూకము చెడి టెలిఫోను పలుకును.

బెల్ తన క్రొత్త పరికరమును నేరుగా రోగి కడకు కొనిపోలేదు. పిడికిట గుండు దాచి చూచెను. తవుడు సంచిలో దాచి చూచెను. మాంసఖండమున దాచి చూచెను. అంతర్యుద్ధకాలమునుండి దేహములో గుండ్లు మోయుచున్న పాత సైనికులపై కూడ పరీక్షించెను. సీసమున్న చోట టెలిఫోను పలికెను. యింతవరకు పరీక్ష చక్కగా జరిగినట్లే.

జూలై 26వ తేదీ సాయంకాలము శ్వేతభవనములో రోగి పడకకడ పరికరమును అమర్చిరి. ప్రయోగశాలలో స్పష్టముగా పలికినది ఇచట చిటపటమను వింతధ్వని చేయసాగెను. ఎంత సవరించినను అది పోలేదు. పైగా పరికరపు అందుబాటు తగ్గిపోయెను. రోగి అలసిపోవుచుండగా పరీక్ష ముగించవలసి వచ్చెను. ప్రయోగశాలకు మరలి వచ్చి చూడగా కారణము బయటపడెను. పరికరపు శక్తిని పెంచుటకై విద్యుత్తు నడచు దారిలో చేర్చిన కండెన్సరునకు తొందరలో ఒక వైపు మాత్రమే తీగ కలిపిరి! తీగచుట్టలలో లోపము లేదు, సిద్ధాంతములో లోపము లేదు. లోప మంతయు విద్యుత్తు సరఫరా మార్గమున నున్నది. ప్రయోగశాలనుండి రోగి గదికి వచ్చిన పరికరము, పేరునకు ఒకటే యైనను, పరీక్షింపబడిన పరికరము కాదు. విప్పి మరల కూర్చిన యంత్రము క్రొత్త యంత్రమే.

ఆగస్టు 1వ తేదీన రెండవ పరీక్ష జరిగెను. ఈసారి కలయికలన్నియు సరిగా నున్నవి. కాని ధ్వని ఒక బిందువున గాక, విశాలమైన ప్రదేశమంతటను మందముగా వినవచ్చెను. పరుపు క్రింద ఉక్కుతీగలతో అల్లిన మరియొక పరుపు కలదని బెల్‌కు తరువాత తెలిసినది. ఆ ఉక్కు ఎంత చెరుపు చేసినదను విషయమున వాదములు గలవు. కాని అంతకంటె పెద్ద అడ్డంకి వేరొకటి. గుండు కుడివైపుననే యున్నదని ప్రధానవైద్యుడు బ్లిస్ నిశ్చయించుకొని, వెదకుటను ఆ వైపునకే పరిమితము చేసెను. ఆ అస్పష్టధ్వనిని సైతము తన నమ్మకమునకు సాక్ష్యముగా గైకొనెను.

సెప్టెంబరు 19న గార్‌ఫీల్డు మరణించెను. శవపరీక్షలో గుండు ఎడమవైపున, క్లోమము వెనుక దొరికెను. యంత్రమును అచట ఎవరును ఉంచనేలేదు. అడుగని ప్రశ్నకు ఏ యంత్రమును సమాధానము చెప్పజాలదు గదా!

బెల్ చేసిన కృషి వ్యర్థమైనదని చెప్పరాదు. నేటి మెటల్ డిటెక్టర్లలో బాటరీ, తీగచుట్ట, తూకము అను సూత్రములు నేటికిని నిలిచియే యున్నవి. ఆనాటి చిక్కులును నిలిచియున్నవి. క్రొత్త యంత్రమును కొనితెచ్చి, మీట నొక్కగా దీపము వెలిగి మరుక్షణమే ఆరిపోయినచో, లేక ఏ లోహమును లేనిచోట అది ఆగక కూయుచున్నచో, తొలుత అనుమానింపదగినది విద్యుత్తు మార్గమునే. బరువు మోయని బాటరీ ఆరోగ్యముగనే కనబడును. నీరసించిన సెల్లు కూడ ఊరక నుంచి కొలిచినప్పుడు ఇంచుమించు 1.5 వోల్టులు చూపవచ్చును. యంత్రము నడచునప్పుడు దాని అంతర్నిరోధమువలన వోల్టేజి జారిపోవును. కావున మీట వేసియుంచియే కొలువవలెను. మరల ఛార్జి చేసికొను నికెలు సెల్లు సాధారణముగా 1.2 వోల్టులదే. 8 సెల్లులు పట్టు యంత్రమున 12కు బదులు 9.6 వోల్టులే లభించును. ఆ తక్కువకు ఒప్పుకొనని యంత్రములును గలవు. పాత క్రొత్త సెల్లులను కలుపరాదు. కొనల తెల్లని పొడి పేరుకొన్నదేమో, బిగింపుస్ప్రింగు వదులైనదేమో, తీగచుట్ట ప్లగ్గు పూర్తిగా కూర్చున్నదో లేదో చూడవలెను. ఒకేసారి అన్నిటిని మార్చక, ఒక్కొక్కటిగా మార్చి చూచినప్పుడే దోషము ఎచటనున్నదో తేలును.

విద్యుత్తు కుదురుకొన్న పిమ్మట పరీక్ష. గడియారము, ఉంగరములు తీసివేయవలెను. సెల్‌ఫోను దూరముగ నుంచవలెను. ఇనుపకమ్ములు పోసిన కప్పు క్రింద గాక, ఆరుబయట కొయ్యబల్లపై ఒక నాణె ముంచి, యంత్రము ఎంత దూరమున పలుకునో గుర్తించుకొనవలెను. మరునా డదే నాణెముతో అదే దూరమున పలుకవలెను. లేనిచో యంత్రమున నేదో మార్పు వచ్చినదన్నమాట.

ఇది వినోదమునకై నాణెములు వెదకువారికి మాత్రమే చెప్పిన మాట కాదు. యుద్ధము ముగిసిన దేశములలో భూమిలో మిగిలిన మందుపాతరలను తొలగించువారు, పనికి దిగుటకు ముందును, పని నడుమను, తెలిసిన లోహపుముక్కపై తమ యంత్రమును పలికించి చూచుకొందురు. పలికినపిదపనే దాని మౌనమును నమ్మి అడుగు ముందుకు వేయుదురు. ఆ అడుగు క్రింద వారి ప్రాణ మున్నది. రేపు ఆ పొలము దున్నబోవు రైతు ప్రాణమును ఉన్నది. పలుకగలదని రుజువు చేసికొన్న యంత్రపు మౌనమునకే విలువ గలదు. తక్కిన మౌనము ఉత్త నిశ్శబ్దము.