రావణుడు లేని రాముడు

రాముడి కథ తెలియక కాదు మనవాళ్ళు సినిమాకు వెళ్ళేది. 1963లో 'లవకుశ' వచ్చినప్పుడు బండ్లు కట్టుకుని పట్నాలకు వెళ్ళిన వారిలో, సీతమ్మ చివరకు ఏమవుతుందో తెలియనివారు ఎందరుంటారు? అయినా వెళ్ళారు. కళ్ళు తుడుచుకుంటూ తిరిగి వచ్చారు. తెలిసిన కథనే తెర మీద ఎలా చూపిస్తారో చూడాలన్న ఆతురత అది.

సరిగ్గా అటువంటి ఆతురతతోనే శాస్త్ర కల్పనా సాహిత్యాన్ని ప్రేమించేవారు దేశదేశాలలో మరొక రాముడి కోసం ఎదురు చూస్తున్నారు. ఈ రాముడికి విల్లు లేదు, అమ్ములు లేవు. యాభై కిలోమీటర్ల పొడవు, ఇరవై కిలోమీటర్ల అడ్డుకొలత కలిగి, నున్నగా తీర్చిన పీపా వలె, నక్షత్రాల నడుమ నుంచి మన సూర్యుడి వైపు దూసుకువచ్చే ఒక వింత వస్తువు. ఆర్థర్ సి. క్లార్కు వ్రాసిన 'రాండెవూ విత్ రామా' నవలకు కథానాయకుడు అదే.

ఈ నవల 1973లో వెలువడింది. శాస్త్ర కల్పనకు ఇచ్చే పెద్ద బహుమతులు హ్యూగో, నెబ్యులా రెండూ దీనికే దక్కాయి. దీనిని చిత్రంగా తీయాలని ప్రసిద్ధ నటుడు మోర్గన్ ఫ్రీమన్ ఎన్నో ఏళ్ళు తపించాడు. దర్శకుల పేర్లు వినబడ్డాయి, పోయాయి. కెమెరా మాత్రం కదలలేదు. చివరకు 2021 డిసెంబరులో కెనడా దేశస్థుడైన డెనీ విల్నెవ్ దీనికి దర్శకత్వం వహిస్తాడన్న ప్రకటన వచ్చింది. 'డ్యూన్' నవలను రెండు భాగాలుగా తీసి, 2021లోను, 2024లోను విడుదల చేసి మెప్పు పొందినవాడు ఆయనే. ఆ తరువాత మూడవ 'డ్యూన్', దాని వెనుక ఒక జేమ్స్ బాండు చిత్రం ఆయన చేతికి వచ్చాయి. రాముడు వరుసలో వెనకబడ్డాడు. వనవాసానికి అలవాటు పడిన పేరు గదా, ఓర్చుకోవాలి!

ఆ పేరెలా వచ్చింది?

నవలలో కథ జరిగేది 2131వ సంవత్సరంలో. అప్పటికి ఖగోళ శాస్త్రజ్ఞులు కొత్తగా కనిపెట్టే గ్రహశకలాలకు పెట్టి పెట్టి, గ్రీకు, రోమను దేవతల పేర్లన్నీ అయిపోయాయి. ఇక హిందూ దేవతల మీద పడ్డారు. ఆ వరుసలో ఈ వస్తువు వంతుకు 'రామ' వచ్చింది. దగ్గరగా ఫోటో తీసి రమ్మని అంగారకుడి ఉపగ్రహం నుంచి ఒక యంత్రాన్ని పంపుతారు. దాని పేరు ఏమనుకున్నారు? సీత!

ఇందులో ఎగతాళి లేదు. క్లార్కు పుట్టింది ఇంగ్లండులో అయినా, 1956 నుంచి సింహళంలోనే స్థిరపడి, 2008లో అక్కడే కన్నుమూశాడు. మన పొరుగున కాపురమున్న మనిషికి రాముడి పేరు, సీత పేరు పరాయివి కావు.

మనకు ఆయనతో మరొక బంధం కూడా ఉన్నది. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున మూడు కృత్రిమ ఉపగ్రహాలను నిలిపితే ప్రపంచమంతటికీ వార్తలు అందించవచ్చునని 1945లోనే వ్యాసం వ్రాసినవాడు క్లార్కు. ముప్పై ఏళ్ళకు, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, అటువంటి ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజను కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా అందులో ఉన్నాయి. ఆ ప్రసారాలు చూడడానికి మన శాస్త్రజ్ఞులు కొలంబోలోని క్లార్కు ఇంటి మీద ఒక గొడుగు ఏరియల్‌ను అమర్చిపెట్టారు. మన పల్లెటూరి రచ్చబండ దగ్గర కనిపించిన బొమ్మనే, దానిని ముందుగా ఊహించిన మనిషి తన ఇంట్లో కూర్చుని చూశాడన్నమాట.

పీపా లోపల ప్రపంచం

నీళ్ళ చెంబును త్రాటికి కట్టి గిరగిర త్రిప్పితే, చెంబు తలక్రిందులైనా నీళ్ళు ఒలకవు. రాముడి నిర్మాణ రహస్యం అదే. ఆ పీపా నాలుగు నిమిషాలకొకసారి తన చుట్టూ తాను తిరుగుతుంటుంది. అందువల్ల లోపలి గోడకు కాళ్ళు ఆనించి నిలబడిన వారికి, భూమి మీద ఉండే బరువులో సగానికి కాస్త పైగా బరువు ఉంటుంది. గోడే నేల అవుతుంది.

ఇక లోపల నిలబడినవాడి కళ్ళతో చూడండి. ఎదురుగా మైదానం. అది కుడివైపు పైకి లేస్తుంది, ఎడమవైపూ పైకి లేస్తుంది, చివరకు నడినెత్తిన, పదహారు కిలోమీటర్ల ఎత్తున, వచ్చి కలుసుకుంటుంది. ఆకాశమన్నది లేనే లేదు. నడుమ పది కిలోమీటర్ల వెడల్పున ఒక సముద్రం, పీపాకు లోపల వేసిన పట్టీలాగా, చుట్టూ తిరిగి నెత్తి మీదుగా వచ్చి మళ్ళీ కాళ్ళ దగ్గరకు చేరుతుంది. మొదట అదంతా గడ్డకట్టి ఉంటుంది. సూర్యుడు దగ్గరయ్యే కొద్దీ మంచు కరుగుతుంది, గాలి కదులుతుంది, ఆ మూసిన పీపాలో తుపాను రేగుతుంది.

కమాండర్ నార్టన్, అతని 'ఎండెవర్' నౌకలోని సిబ్బంది అక్కడకు దిగేసరికి అంతా కటిక చీకటి. ఒక వెలుగు గుండును వదలి, అది మండుతున్న కొద్దిసేపట్లో ఆ లోకాన్ని తొలిసారి కళ్ళారా చూస్తారు. ఈ ఒక్క ఘట్టం చాలు, దీనిని చిత్రంగా చూడాలని ఎందుకు ఇంతమంది తహతహలాడుతున్నారో చెప్పడానికి.

విలను ఏడీ?

అయితే చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఈ రామాయణంలో రావణుడు లేడు.

రాముణ్ణి నిర్మించినవారు ఎవరో కథ ముగిసే దాకా కనబడరు. కొన్ని కట్టడాలున్నాయి, అవి ఇళ్ళో, గిడ్డంగులో తెలియదు. సగం ప్రాణి, సగం యంత్రం అనదగిన జీవులు కొన్ని బయటకు వచ్చి, తమ పని తాము చేసుకుని, తిరిగి సముద్రంలో దూకిపోతాయి. మనుషులను పలకరించవు, పీడించవు. వచ్చిన అతిథులు ఎవరా అని తిరిగి కూడా చూడవు. నార్టన్ మనుషులకు ఆ నిర్మాతలను గురించి దొరికిన పెద్ద ఆధారం ఒక తొడుగు. దానిని బట్టి వారికి మూడేసి చేతులుండవచ్చునని ఊహిస్తారు. అంతే.

జిమ్మీ పాక్ అనే కుర్రవాడు తొక్కుడు విమానం మీద సముద్రం దాటి దక్షిణపు కొసకు వెళతాడు. అక్కడ విమానం కూలిపోతుంది. ఒంటరిగా నడుస్తూ ఉంటే ఆ లోహపు లోకంలో ఒకే ఒక్క పువ్వు కనబడుతుంది. కోస్తాడు. కోసిన తరువాత మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. నవల మొత్తం మీద మానవుడు ఆ లోకానికి చేసిన అపకారం అదొక్కటే అనుకుంటుండగా, అసలు ఆపద మరొక దిక్కు నుంచి వస్తుంది. బుధ గ్రహం మీద స్థిరపడిన మనుషులు భయపడి, రాముడి మీదకు అణ్వస్త్రం పంపుతారు. దానిని మందీమార్బలంతో ఎదుర్కోరు. రోడ్రిగో అనే నెమ్మదైన, దైవభక్తుడైన నావికుడు ఒంటరిగా వెళ్ళి దాని తీగలు కత్తిరించి వస్తాడు. భయపడిందీ మనిషే, ఆ భయాన్ని ఆపిందీ మనిషే. రాముడికి ఈ సంగతి తెలిసినట్టే కనబడదు. సూర్యుడి ప్రక్కగా పోతూ కావలసిన శక్తిని పుచ్చుకుని, మన నక్షత్ర మండలం అవతలి దారి పట్టి వెళ్ళిపోతాడు.

చదివిన వారి గుండెలో కలుక్కుమనేది ఇక్కడే. వచ్చినవాడు మనతో యుద్ధానికి రాలేదు, స్నేహానికీ రాలేదు. అసలు మన కోసమే రాలేదు. మనం అతని దారిలో ఉన్న ఒక ఊరు, బండి ఆగలేదు.

మార్పు తప్పా?

నవలను సినిమాగా తీసేటప్పుడు అక్షరం పొల్లు పోకూడదని ఈ రచయిత వాదించడు. వ్యాస భారతంలో శశిరేఖా పరిణయం లేదు. అయినా 1957లో కె. వి. రెడ్డి 'మాయాబజార్' తీస్తే తెలుగుదేశం నెత్తిన పెట్టుకున్నది. ఆ చిత్రంలో పాండవులు ఒక్కసారి కూడా కనబడరన్న సంగతి చాలామంది గమనించను కూడా గమనించరు. కథలోని ప్రాణం నిలబడితే, మార్పులు అలంకారాలవుతాయి.

క్లార్కు సొంత అనుభవమే ఇందుకు మరొక సాక్ష్యం. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కథను ఆయన, దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్ కలిసి అల్లారు. సంగతులు విడమరచి చెప్పే వ్యాఖ్యానం పెడదామని మొదట అనుకున్నా, క్యూబ్రిక్ దానిని తీసివేశాడు. దాదాపు మొదటి ఇరవై అయిదు నిమిషాలలో ఒక్క మాట లేదు. అర్థం కాలేదని లేచిపోయినవారున్నారు. కాని ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ చిత్రాన్ని గురించి మాట్లాడుకోవడానికి కారణం ఆ మౌనమే.

విల్నెవ్ విషయంలో ఆశా ఉన్నది, బెంగా ఉన్నది. ఆయన 2016లో తీసిన 'అరైవల్' టెడ్ చియాంగ్ కథకు చిత్రరూపం. అందులో పొగమంచులో నిలబడిన అతిథుల నౌకను చూపించిన తీరు, రాముణ్ణి ఈయన చేతిలో పెట్టవచ్చుననిపిస్తుంది. కాని మూలకథలో లేని యుద్ధ ప్రమాదం, సేనాపతుల హడావుడి ఆ చిత్రంలో చేరాయి. అక్కడ అవి అతికాయి. 'రామా'లో అతకవు. ఈ నవలకు ఒక గుప్త శత్రువును కల్పించి, పతాక సన్నివేశంలో పేలుళ్ళు పెడితే, టిక్కెట్లు తెగవచ్చు. రాముడు మాత్రం మిగలడు.

ఆకాశమే ముందు తీసిన చిత్రం

ఈలోగా ప్రకృతి ఊరుకోలేదు. 2017 అక్టోబరులో హవాయి దీవులలోని దూరదర్శిని, మరో నక్షత్రలోకం నుంచి వచ్చిన వస్తువును తొలిసారి పట్టుకున్నది. దానికి 'రామ' అని పేరు పెట్టాలని కొందరు కోరారు. చివరకు హవాయి భాషలో 'ఔమూవామూవా' అన్నారు. 2019లో రెండవ అతిథి వచ్చింది, 2025 జులైలో మూడవది కనబడింది. రెండూ తోకచుక్కలే. మొదటిది ఇంతకూ ఏమిటన్నది ఇంకా వాదనలోనే ఉన్నది. అన్నీ వచ్చిన దారిన పోయేవే. మనవైపు తిరిగి చూసేవి కావు.

1973లో క్లార్కు వ్రాసినది ఊహ. ఈనాటి ప్రేక్షకుడు దానిని వార్తలాగా చూస్తాడు. అందుకే ఈ చిత్రం ఇప్పుడు రావడంలో ఒక సార్థకత ఉన్నది. హాలులో దీపాలు ఆరి, ఆ కటిక చీకటిలో నార్టన్ వదలిన వెలుగు గుండు ఒక్కసారి మండినప్పుడు, ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడు ఏమడుగుతాడో మనకు తెలుసు: "వీళ్ళెవరు? ఎందుకు వచ్చారు?" ఆ ప్రశ్నకు దర్శకుడు జవాబు చెప్పకుండా ఉండగలిగితే చాలు. పిల్లవాడు ఇంటికి వెళ్ళి, డాబా మీద పడుకుని, ఆకాశం వంక చూస్తూ తానే ఆలోచించుకుంటాడు.