పారితోషికమా? వేతనమా?

‘పారితోషికం’ అనే మాటకు మూలం ‘పరితోషం’. పరితోషమంటే మిక్కిలి సంతోషం. ఇచ్చేవాని మనసు సంతోషించినందువల్ల పుచ్చుకొనేవానికి అందేది పారితోషికం. ‘వేతనం’ అటువంటిది కాదు. చేసిన పనికి బదులుగా, ముందు కుదుర్చుకొన్న లెక్క ప్రకారం అడిగి తీసుకొనేది వేతనం. మొదటిది దాత దయ, రెండవది శ్రమించినవాని హక్కు. ఆటగాళ్ళకు, అందునా చదువుకొంటూ ఆడే విద్యార్థులకు, అందే ధనం ఈ రెండింటిలో ఏది అన్న ప్రశ్న మీద ప్రపంచంలో పెద్ద పెద్ద వ్యాజ్యాలే నడిచాయి.

విరాటపర్వ కథ మీకు తెలిసినదే. భీముడు వలలుడనే పేరుతో విరాటుని కొలువులో వంటవాడుగా చేరాడు. అతని కొలువు వంటశాలలో. ఉత్సవ సమయంలో జీమూతుడనే మల్లుడు తనకు ఎదురు లేదని విర్రవీగగా, రాజు వలలుణ్ణి బరిలోకి దింపాడు. జీమూతుడు కూలిపోగానే రాజు పరమానందభరితుడై విశేషంగా ధనమిచ్చాడు. అంతటితో ఊరుకోలేదు. సాటి మల్లులు దొరకనప్పుడు పులులతోను, సింహాలతోను, ఏనుగులతోను పోరాడించి వినోదించాడు. ‘ఇది నా పని కాదు’ అని గాని, ‘ఇందుకు ఎంత ఇస్తారు’ అని గాని వలలుడు అడగగల స్థితిలో లేడు. పారితోషికంలో ఉన్న చిక్కు అదే.

మహదేవపూర్ అడవుల్లో మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగులను పెంచే రైతు, పట్టుకాయను అమ్మేటప్పుడు కొనేవాని సంతోషం కోసం ఎదురుచూడడు. కాయ నాణ్యతను చూపి ధర అడుగుతాడు. ఆ రైతు బిడ్డ కళాశాల తరఫున కబడ్డీ ఆడి గెలిస్తే మాత్రం ఒక ధ్రువపత్రం, ఒక కప్పు, నాలుగు చప్పట్లు దక్కుతాయి. ఇందులో అన్యాయమేమీ లేదు. ఆ ఆటను చూడడానికి ఎవరూ టిక్కెట్టు కొనలేదు, కళాశాలకు దానివల్ల రూపాయి రాలేదు. కాని విద్యార్థులు ఆడే ఆటకు లక్షమంది టిక్కెట్లు కొని వస్తే? టెలివిజన్ సంస్థలు కోట్లు కుమ్మరించి ప్రసార హక్కులు కొనుక్కొంటే? అప్పుడు ఆ ధనంలో ఆడినవాని వాటా ఎంత?

ఈ ప్రశ్న అమెరికాలో పుట్టింది. అక్కడి విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పోటీలు మన క్రికెట్ లీగులకు తీసిపోని వ్యాపారం. 1906లో ఏర్పడి, ఎన్.సి.ఎ.ఎ. అనే పేరుతో ప్రసిద్ధమైన కళాశాలల క్రీడాసంఘం వాటిని నిర్వహిస్తుంది. పురుషుల బాస్కెట్‌బాల్ పోటీల ప్రసార హక్కుల కోసం 2010లో ఆ సంఘానికి కుదిరిన ఒప్పందం విలువ పద్నాలుగేళ్ళకు 1,080 కోట్ల డాలర్లు. శిక్షకుల జీతాలు లక్షల డాలర్లలో ఉండేవి. ఆడే విద్యార్థికి మాత్రం బోధనా రుసుము, వసతి, భోజనం వంటివాటికి సరిపడే ఉపకారవేతనం తప్ప మరొక డాలరు ముట్టరాదని నియమం. ముడితే ఆడే అర్హత పోతుంది. ఆటను కేవలం ప్రీతి కోసమే ఆడాలన్న ‘అమెచ్యూర్’ ఆదర్శం ఈ నియమానికి ఆధారం.

భాషాభ్యాసం చేసేవారు గమనించదగిన ముచ్చట ఒకటుంది. 1955లో కొలరాడో రాష్ట్రంలో రే డెన్నిసన్ అనే విద్యార్థి ఫుట్‌బాల్ ఆటలో గాయపడి మరణించాడు. పని చేస్తూ మరణించిన కార్మికుని కుటుంబానికి వచ్చే నష్టపరిహారం తనకూ రావాలని అతని భార్య కోరింది. అతడు కళాశాల ఉద్యోగి కాడని 1957లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఇటువంటి దావాలకు భయపడే ‘విద్యార్థి క్రీడాకారుడు’ అనే సమాసాన్ని తాము ప్రచారంలోకి తెచ్చామని, ఆనాడు ఎన్.సి.ఎ.ఎ.ను నడిపిన వాల్టర్ బైయర్స్ తరువాతి కాలంలో స్వయంగా రాశాడు. ‘ఉద్యోగి’ అన్న మాట పడకుండా ఉండడానికి మరొక మాటను అడ్డం పెట్టారన్నమాట. సమాసాలు కూడా న్యాయవాదులకు పనికివస్తాయి!

ఆ గోడకు మొదటి బీట పెట్టినవాడు ఎడ్ ఓబానన్. ఒకప్పుడు కళాశాల బాస్కెట్‌బాల్‌లో పేరు తెచ్చుకొన్న ఇతడు, ఒక వీడియో ఆటలో తన పోలికలతో, తన చొక్కా సంఖ్యతో కదలాడుతున్న బొమ్మను చూశాడు. ఆ బొమ్మను అమ్ముకొన్నవారికి డబ్బు వచ్చింది, బొమ్మకు మూలమైన మనిషికి రాలేదు. 2009లో దావా వేసి, 2014లో అనుకూలమైన తీర్పు పొందాడు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు, చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై సంఘం విధించిన పరిమితులు వ్యాపార పోటీ చట్టానికి విరుద్ధమని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ప్రకటించింది. మరుసటి నెల ఒకటవ తేదీ నుంచి విద్యార్థులు తమ పేరును, రూపాన్ని ప్రకటనలకు ఇచ్చి సంపాదించుకోవచ్చునని సంఘం ఒప్పుకొంది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన హౌస్ వ్యాజ్యం రాజీతో కథ మరొక మలుపు తిరిగింది. 2016 నుంచి ఆడినవారికి పదేళ్ళ వ్యవధిలో దాదాపు 280 కోట్ల డాలర్లు చెల్లించాలని, ఇకపై విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్ళకు డబ్బు ఇవ్వవచ్చునని అందులో ఉంది. 2025–26 సంవత్సరానికి ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి విధించిన గరిష్ఠ పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

ఈ కథలో తెలుగువారి బిడ్డ కూడా ఒకడున్నాడు. నిశేష్ బసవారెడ్డి తల్లిదండ్రులు నెల్లూరు ప్రాంతం నుంచి అమెరికా వెళ్ళినవారు. 2005లో కాలిఫోర్నియాలో పుట్టి ఇండియానాలో పెరిగిన నిశేష్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ టెన్నిస్ ఆడాడు. కళాశాల ఆటగాడు బయటి పోటీలలో గెలిచినా ఖర్చులకు మించి బహుమతి ధనాన్ని ఉంచుకోరాదన్నది అప్పటి నియమం. ప్రకటనలో బొమ్మ వేసుకొని సంపాదించవచ్చు గాని, రాకెట్టు పట్టి గెలుచుకొన్న సొమ్మును తీసుకోరాదు! ఈ వింతనే ప్రశ్నిస్తూ నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ క్రీడాకారిణి రీస్ బ్రాంట్‌మైయర్ 2024 మార్చిలో న్యాయస్థానానికి వెళ్ళింది. నిశేష్ ఆ దారి పట్టలేదు. అదే ఏడాది డిసెంబరులో కళాశాల క్రీడార్హతను వదులుకొని వృత్తి ఆటగాడయ్యాడు. 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో జొకోవిచ్‌ను ఎదుర్కొని తొలి సెట్టు 6–4తో గెలిచి, తరువాతి మూడు సెట్లు ఓడిపోయాడు. ఆ రౌండులో ఓడినవారికి కూడా దక్కే మొత్తం 1 లక్షా 32 వేల ఆస్ట్రేలియా డాలర్లు. ఆ మొత్తాన్ని అతడు ఎవరి అనుమతీ లేకుండా ఉంచుకోవచ్చు. అయితే ఇరవై ఏళ్ళయినా నిండకముందే చదువా, ఆటా అని తేల్చుకోవలసి వచ్చింది.

కొత్త విధానంలో అందరికీ మేలు జరిగిందని చెప్పలేము. హౌస్ రాజీ సొమ్ములో అధికభాగం ఫుట్‌బాల్‌కు, పురుషుల బాస్కెట్‌బాల్‌కు పోతున్నదని క్రీడాకారిణులు అభ్యంతరం తెలిపారు. మన దేశం నుంచి విద్యార్థి వీసా మీద వెళ్ళినవారికి ఉద్యోగంపై ఆంక్షలున్నందువల్ల, తోటి ఆటగాడు సులభంగా పొందే ప్రకటనల ఆదాయం వీరికి అందనిదిగానే మిగిలింది.

ఇక మన సంగతి. ఇక్కడి కళాశాలలు ఆట మీద ఆర్జించవు కనుక వాటాల తగవు లేదు. మన ఆటగానికి అందేది ప్రధానంగా ప్రభుత్వ పారితోషికమే. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవంజి దీప్తి నిరుపేద కుటుంబంలో పుట్టి, బుద్ధిమాంద్యం ఉన్న బాలిక అని ఇరుగుపొరుగు హేళన చేస్తుండగా పరుగు నేర్చింది. 2024 మే నెలలో కోబె నగరంలో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్–2 స్థాయి ఉద్యోగం, వరంగల్లులో 500 గజాల స్థలం ప్రకటించింది. కష్టకాలంలో అమ్ముకొన్న పొలాన్ని ఆమె బహుమతుల సొమ్ముతోనే ఆ కుటుంబం తిరిగి కొనుక్కొంది. ఆనందించవలసిన విషయమే. కాని ఈ సొమ్మంతా పతకం తరువాత వచ్చింది. బూట్లు, పౌష్టికాహారం కావలసింది పతకానికి ముందు. ఆ దశలో ఆమెను ఆదుకొన్నవారు గురువులు, దాతలు. ఎంపికైన క్రీడాకారులకు ఖేలో ఇండియా పథకం కింద ఇచ్చే నెలకు 10,000 రూపాయల చేతిఖర్చు ఆ లోటును కొంత పూడుస్తుంది. నా దృష్టిలో, మొత్తం చిన్నదైనా, కోటి రూపాయల బహుమతి కంటె అది వేతనానికి దగ్గర. నెల తిరిగేసరికి వస్తుందని లెక్క వేసుకోవచ్చు.

వేతనమని పిలువదగిన ధనం మన దగ్గర లీగులలో ఉంది. 2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగులో, 2023 వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌కు చెల్లించడానికి ఒప్పుకొన్న ధర 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు. ఇక్కడ మాత్రం చట్టం తెలియక తప్పదు. క్రికెటర్ జహీర్ ఖాన్ 2000లో ఒక ప్రచార సంస్థతో మూడేళ్ళ ఒప్పందం చేసుకొన్నాడు. గడువు తీరిన తరువాత కూడా కొత్త అవకాశాన్ని ముందు తమకే చూపాలన్న షరతును ఆ సంస్థ పట్టుకొంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షను ప్రకారం అటువంటి షరతు చెల్లదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది.

మైనరు చేసుకొన్న ఒప్పందం అసలే చెల్లదని 1903లోనే మొహరీ బీబీ వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ నిర్ణయించింది. ఇది పిల్లలకు రక్షణ అనుకొంటాము. రెండవ వైపు పదును కూడా ఉంది. రాజ్‌రాణి అనే బాలనటి తరఫున తండ్రి సంతకం చేయగా, నిర్మాత పని ఇవ్వలేదు. ఆమె జీతం కోసం దావా వేస్తే, మైనరు ఒప్పందం కనుక చెల్లదని 1949లో బొంబాయి హైకోర్టు చెప్పింది. తండ్రి సంతకం ఆమెకు జీతం ఇప్పించలేకపోయింది. చట్టం దృష్టిలో మైనారిటీ తీరే వయస్సు పద్దెనిమిది. ఇంటర్మీడియట్‌లో చేరే విద్యార్థికి సాధారణంగా పదహారు.