కోళ్ళగూటికి ఏ మూల మంచిది?

మ్యూనిక్ శివార్లలో పెరడున్న ఇల్లు దొరికిన మనవాళ్ళలో కొందరికి నాలుగు పెట్టలను పెంచుకోవాలన్న కోరిక పుడుతోంది. పిల్లలకు కాలక్షేపం, ఇంటికి తాజా గుడ్లు. డాక్టర్లం కదా అని, ఒంట్లో నలత గురించి అడిగినట్లే దీన్ని గురించీ మమ్మల్ని అడుగుతున్నారు. మేము చెప్పేది ఒక్కటే: గూడు ఎలాంటిదన్నది తర్వాత, ముందు చోటు చూడండి. మంచు పడ్డాక గూటిని కదల్చడం ఎవరి తరమూ కాదు.

మన ఊళ్ళలో కోళ్ళకు నీడే రక్ష. వేపచెట్టు కిందనో, గోడ వారనో గంప బోర్లిస్తాం. పశువుల కొట్టానికి వాయవ్యం మంచిదంటారు పెద్దలు. ఆ అలవాటునే ఇక్కడికి తెస్తే కోళ్ళకు కష్టం. డిసెంబరు మూడోవారంలో ఇక్కడ పగలు సుమారు 8 గంటల 20 నిమిషాలే. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 18 డిగ్రీలకు మించి పైకి రాడు. ఆ వేళ 2 మీటర్ల కంచె నీడ హైదరాబాదులో 2 మీటర్లు కూడా ఉండదు. ఇక్కడ 6 మీటర్లు పాకుతుంది. 6 మీటర్ల ఇంటిగోడ నీడ 18 మీటర్లు! ఇంటికి ఉత్తరాన పెట్టిన గూటికి శీతకాలమంతా ఎండ మొహం కనిపించదు.

చలికి కోడి చచ్చిపోతుందేమోనని భయపడేవారున్నారు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైమాటే. ఈకల దుప్పటి ఎలాగూ ఉంది. పొడిగా ఉంటే చలిని బాగానే తట్టుకుంటుంది. దాని అసలు శత్రువు చెమ్మ. తడిసిన రెట్టలోంచి పుట్టే అమోనియా కళ్ళనూ ఊపిరితిత్తులనూ పాడుచేస్తుంది. చెమ్మగాలిలో జుట్టు మంచుకాటుకు గురవుతుంది. కనుక నీరు నిలవని మెరక చూసి, గూటి కిటికీ దక్షిణానికి పెట్టండి. ఇక్కడ వాన ఎక్కువగా పడమటి గాలితో వస్తుంది కాబట్టి ఆ వైపు గోడ మూసి ఉంచి, గాలి ఆడే సందులు పైకప్పు కింద వదలండి.

మరి జూలై ఎండ మాటేమిటి? నైరుతిన ఒక ఆపిల్ చెట్టో, రేగు పళ్ళలాంటి ప్లమ్ చెట్టో ఉంటే వేసవిలో నీడనిస్తుంది, శీతకాలంలో ఆకు రాల్చి ఎండను వదులుతుంది.

రాత్రిళ్ళు నక్కా, ముంగిసలాంటి మార్డరూ తిరుగుతాయి. సన్నకంతల ఇనుపవలను అర మీటరు లోతున పాతితేగాని నక్క తవ్వడం మానదు. కోళ్ళు తిరిగే ఆవరణలో కొంత భాగానికి గట్టి పైకప్పు కూడా ఉండాలి. 2016 నవంబరులో పక్షుల ఫ్లూ వచ్చినప్పుడు బవేరియా అంతటా కోళ్ళను బయట తిరగనివ్వరాదని ఆజ్ఞ వేశారు. అడవిపక్షుల రెట్ట పడని చోటు లేనివారి కోళ్ళు నెలల తరబడి గూటికే పరిమితం కావలసి వస్తుంది.

ఒక్క కోడి ఉన్నా పశువైద్య కార్యాలయంలో నమోదు చేయించాలి, న్యూకాసిల్ వ్యాధికి టీకా వేయించాలి. పేరు కొత్తగా ఉన్నా అది మన కొక్కెర తెగులే. మన దేశంలో దానికి రాణీఖేత్ అన్న మరో పేరు కుమావూ కొండల్లోని ఊరి నుంచి వచ్చింది.

ఇక పక్కింటివారు. వారి పడకగది కిటికీకి దూరంగా, మన వంటింటి తలుపుకు దగ్గరగా గూడు ఉండాలి. గడ్డకట్టిన నీళ్ళు మార్చడానికి మంచులో రోజుకు రెండుసార్లు నడవాల్సింది మనమే. గుడ్ల కోసం పుంజు అక్కరలేదు. అది లేకపోతే సగం తగాదాలు పుట్టవు. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి.

కోళ్ళను వసంతంలో కొనండి, చోటును మాత్రం డిసెంబరులోనే ఎంచండి. ఎండ కాసిన రోజున మధ్యాహ్నం పన్నెండింటికి పెరట్లోకి వెళ్ళి, ఎండ పడే మేర నాలుగు కర్రలు పాతండి. ఆ కర్రల నడుమ చోటే కోళ్ళది. కర్ర పాతే చోటే దొరకకపోతే, ఆ పెరట్లో కూరగాయలతో సరిపెట్టుకోవడం మంచిది.